బల్ల మీద రంగు ఎక్కడ అరిగిందో చూడండి: రైలింజను క్యాబ్ గీసేవారికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ

రైల్వే బోర్డు అధికారులకు, లక్నోలోని రైల్వే పరిశోధన, డిజైన్ల సంస్థ ఆర్‌డీఎస్‌వో డిజైన్ విభాగాల వారికి, చిత్తరంజన్, వారణాసి, పాటియాలా కర్మాగారాల ఇంజనీర్లకు, విశాఖ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ కోస్తా రైల్వే పెద్దలకు,

నమస్కారం.

ఇంజను క్యాబ్‌లో, అంటే డ్రైవరు గదిలో, లోకో పైలట్ ముందు ఒక బల్ల ఉంటుంది. హ్యాండిళ్లు, మీటర్లు, స్విచ్చులు, తెరలు అన్నీ దాని మీదే. నా ఉద్యోగమంతా ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో టెక్నీషియన్‌గా ఆ బల్లలు విప్పడం, బాగుచెయ్యడం, మళ్లీ బిగించడంతో గడిచింది. నేను ఇంజను నడిపినవాణ్ణి కాదు. నడిపినవాళ్లు దిగిపోయాక, ఆ సీటు వేడి ఇంకా ఆరకముందే అక్కడికి వెళ్లినవాణ్ణి. అందుకే ఆ బల్ల గురించి నాకు తెలిసింది వేరేగా ఉంటుంది. అది మీకు చేరాలని ఈ ఉత్తరం.

నేను అడిగేది ఇదీ. కొత్త ఇంజను బల్ల మీద ఏది ఎక్కడ ఉండాలో ఖాయం చేసే ముందు, దాన్ని అసలు కొలతల్లో చెక్కతో చేసి, రోజూ బండి నడిపేవాళ్లను దాని ముందు కూర్చోబెట్టండి. ఆ తర్వాతే గీత ఖాయం చెయ్యండి. ఒకసారి ఖాయమయ్యాక ఆ బల్ల మీద ఇంకే పెట్టె బిగించాలన్నా అనుమతి ఇచ్చే బాధ్యత మీలో ఒక్కరి చేతిలో ఉండాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను.

షెడ్యూలుకి, అంటే గడువు ప్రకారం చేసే తనిఖీ, మరమ్మతులకి, ఇంజను షెడ్డులోకి వచ్చాక క్యాబ్ ఎక్కి టార్చి వేసి చూస్తే, ఆ బల్ల దగ్గర మనుషులు ఎలా బతికారో అంతా కనిపిస్తుంది. బ్రేకు హ్యాండిల్ పక్కన అంచు మీద రంగు పూర్తిగా పోయి లోహం నున్నగా మెరుస్తూ ఉంటుంది. అది మోచేయి ఆనిన చోటు. మోచేయి అక్కడ ఆనుతుందని గీసినవాళ్లు అనుకుని ఉండరు. కానీ గంటల తరబడి చేతిని గాల్లో నిలబెట్టడం ఎవరికి సాధ్యం? ఒకే వరసలో, ఒకే ఆకారంలో ఉన్న స్విచ్చుల్లో ఒకదానికి సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగి ఉంటుంది. చీకట్లో వేలికి తగిలితే ఫలానా స్విచ్చని తెలియడానికి. గేజీ అద్దం మీద ముల్లు ఉండాల్సిన చోట తెల్ల రంగుతో చిన్న గీత. వెలుగు ఎక్కువైన చిన్న తెరకు సిగరెట్టు పెట్టె అట్టతో మూత. సీటు మీద మడతపెట్టిన గోనె, నడుము వెనక చుట్టిన తువ్వాలు గుర్తులు. కాళ్లు ఆనని వాళ్లకోసం కింద ఒక చెక్కముక్క. ఎండ పడే పక్క అద్దానికి దినపత్రిక అంటించిన జిగురు మరక.

ఇవన్నీ ఒక ఇంజనులోనే ఉండవు. ఒక్కో ఇంజనులో ఒకటో రెండో ఉంటాయి. కానీ అన్ని ఇంజన్లనూ చూసిన కంటికి అవి మళ్లీ మళ్లీ ఒకే చోట్ల కనిపిస్తాయి. ఒకరికొకరు తెలియని పైలట్లు, వేరే వేరే లాబీల (డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే చోట్ల) వాళ్లు, అదే స్విచ్చుకి అదే ట్యూబు ముక్క తొడిగారంటే, ఆ స్విచ్చు గురించి వాళ్లు ఏదో చెబుతున్నట్టే. షెడ్యూలు పూర్తయ్యేసరికి ఆ గోనె, ఆ అట్ట, ఆ ట్యూబు తీసేసి, తుడిచి, కొత్త రంగు వేసి బండిని బయటికి పంపుతారు. నియమం అది, తప్పు కూడా కాదు. కానీ దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు, రాసి పెట్టరు, లక్నోకి పంపరు. నడిపేవాళ్లు ఇచ్చిన సమాచారం ప్రతి షెడ్యూలుకీ చెత్తబుట్టలోకి పోతోంది. ముందుగా దీన్ని ఆపించండి. కొత్త రంగు వెయ్యకముందు ప్రతి క్యాబ్ బల్లనూ ఫొటో తీసి పంపమని షెడ్డులకు ఒక సర్క్యులర్ చాలు. డబ్బు ఖర్చు లేని పని.

ఇప్పుడు ఆ బల్ల ముందు జరిగే పని చూద్దాం. బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. బండి మొత్తానికి బ్రేకు వేసేది ఏ9. ఇంజనుకు మాత్రమే వేసేది ఎస్ఏ9. బ్రేకు పైపులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోల దగ్గర ఉండాలి, ఫీడ్ పైపులో 6 కిలోలు. బండిని లాగే హ్యాండిల్ వేరు. ఇవి కాక పై తీగనుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫు, హెడ్‌లైటు, ఎదురుబండిని హెచ్చరించే ఫ్లాషరు లైటు, ఇసుక, హారను, వైపరు, వాకీటాకీ. వీటన్నిటి మీదా విజిలెన్స్ పరికరం. దాదాపు నిమిషంపాటు పైలట్ చేతి కదలిక ఏదీ లేకపోతే అది ముందు లైటు వెలిగిస్తుంది, తర్వాత బజరు మోగిస్తుంది, అప్పటికీ ఏమీ చెయ్యకపోతే తనే బ్రేకు వేస్తుంది. మంచి పరికరం, ప్రాణాలు కాపాడుతుంది. దాని బటనో పెడలో శరీరానికి అందే చోట ఉంటే పైలట్‌కి అది ఉన్నట్టే తెలియదు. లేకపోతే నిమిషానికోసారి నడుము వంచాలి. ఎనిమిది తొమ్మిది గంటల డ్యూటీలో అది ఎన్నిసార్లో మీరే లెక్కపెట్టండి.

దీంతోపాటు సిగ్నలు పిలవాలి. పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నలు చూసి, చెయ్యి చూపి, గట్టిగా ఒకరికొకరు చెప్పుకోవాలి. చూసేవాళ్లకు ఇది తంతులా అనిపించవచ్చు. జపాన్‌లో రైల్వే టెక్నికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో దీన్ని పరీక్షించింది. ఊరికే చేస్తే 100 పనులకు 2.38 తప్పులు జరిగినచోట, వేలితో చూపి నోటితో చెబితే 0.38కి తగ్గాయి. అంత విలువైన అలవాటు అది. కానీ చెయ్యి చూపాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. ఒక చెయ్యి బ్రేకు మీద, ఒక చెయ్యి లాగే హ్యాండిల్ మీద ఉన్నప్పుడే గేటు దగ్గర హారను కొట్టాల్సి వస్తే, ఆ హారను కాలికీ అందాలా అక్కర్లేదా? లాబీలో ఎవరిని అడిగినా ఒక్క క్షణంలో చెప్తారు.

మా దగ్గరి లైనునే తీసుకోండి. విజయనగరం నుంచి చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, తిలారు, నౌపడ మీదుగా పలాస వైపు లైను ఈశాన్యానికి పోతుంది. పొద్దున్నే ఆ దిక్కుగా బండి నడిపేవాడి కళ్లలోకి సూర్యుడు నేరుగా పడతాడు. సాయంత్రం పలాస నుంచి తిరిగొచ్చేవాడికీ అంతే. తెరల మీద వెలుగు పడి అంకెలు కనిపించవు. రాత్రయితే అవే తెరల కాంతి ముందు అద్దంలో ప్రతిబింబించి, బయట సిగ్నలు ఏదో లోపలి మెరుపు ఏదో విడదియ్యడానికి కళ్లు చికిలించాలి. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 30 మీటర్లు పోతుంది. ఒక స్విచ్చు వెతుక్కోవడానికి మూడు సెకన్లు చూపు కిందికి దించితే 90 మీటర్లు ఎవరూ చూడకుండానే దాటిపోతాయి. ఈ లైను పక్కన ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పట్టాల మీదకు పశువులొస్తాయి, సెలవు రోజుల్లో పిల్లలొస్తారు.

ఇక న్యూట్రల్ సెక్షన్. పై తీగలో కరెంటు లేని చిన్న ముక్క అది. దానికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు ఉంటాయి. మోటార్లకు పోయే వోల్టేజిని మెట్లు మెట్లుగా మార్చే ట్యాప్ చేంజరు ఉన్న పాత ఇంజన్లలో, అంటే డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7 లాంటి వాటిలో, పైలట్ ఆ మెట్లను, అంటే నాచ్‌లను, సున్నాకి దించాలి, డీజే (ఇంజనుకు కరెంటు ఆపే పెద్ద స్విచ్చు) తెరవాలి, ఆ ముక్క దాటగానే మళ్లీ మూయాలి, బ్లోయర్లు, కంప్రెసర్లు మళ్లీ నడిపించాలి. ఈ పనికి వాడే లివర్లన్నీ బీఎల్ అనే స్విచ్చుల పెట్టెలో ఒకదాని పక్కన ఒకటి, ఒకే పొడవు, ఒకే మందంతో ఉంటాయి. చీకట్లో, వానలో, వేగంగా పోతూ, చూపు బయటే ఉంచి, వేళ్లతో లెక్కపెట్టి సరైన లివరు పట్టుకోవాలి. నేను చెప్పిన సైకిలు ట్యూబు ముక్క ఎక్కువగా కనిపించింది ఇక్కడే.

దీనికి మందు ఎనభై ఏళ్ల కిందటే దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక, పైలట్లు ఫ్లాపులు (రెక్కల వెనక పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. ఆల్ఫాన్స్ చాపనిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వెళ్లి చూస్తే, రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారం, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారం పిడిగా తగిలించారు. చేతికి తగలగానే తేడా తెలిసేది. తర్వాత 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇద్దరూ పైలట్ల తప్పులుగా లెక్కలోకెక్కిన 460 సంఘటనలు కూర్చి పరిశీలించారు. అందులో పెద్ద భాగం ఒక మీట అనుకుని ఇంకో మీట పట్టుకున్నవే. పైలట్లను మార్చడం కాదు, పరికరాల అమరిక మార్చడం దారి అని వాళ్లు చూపించారు. విమానాల వాళ్లు ఆ మాట విన్నారు. ఇవాళ ఏ పెద్ద విమానం ఎక్కి చూసినా చక్రాల మీటకు చక్రం ఆకారమే ఉంటుంది.

మన ఇంజన్లలో చిక్కు ఇంకా ఎక్కువ. ఒకే పైలట్ ఈవేళ ఒక రకం ఇంజను మీద, ఎల్లుండి ఇంకో రకం మీద ఎక్కుతాడు. పాత ట్యాప్ చేంజరు ఇంజనులో 32 నాచ్‌లు. డీజిలులో 8 నాచ్‌లు. 1990లలో విదేశీ కంపెనీ ఏబీబీ నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-9, తర్వాత దాన్నుంచి చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూఏపీ-7 లాంటి త్రీ ఫేజు ఇంజన్లలో నాచ్‌లే లేవు. ఒకే హ్యాండిల్ ఒక దిక్కుకి జరిపితే లాగుతుంది, రెండో దిక్కుకి జరిపితే విద్యుత్ బ్రేకు పడుతుంది. మధేపురాలో తయారయ్యే 12,000 హార్స్‌పవర్ ఇంజనుది ఇంకో బల్ల. దాహోద్‌లో 2025 మేలో మొదలైన కర్మాగారం నుంచి 9,000 హార్స్‌పవర్ ఇంజన్లు వస్తున్నాయి. శిక్షణ ఇస్తున్నారు, నిజమే. మామూలుగా నడిచేటప్పుడు ఆ శిక్షణ చాలు. కానీ ఎదురుగా ఏదో అడ్డం వచ్చిన క్షణంలో చెయ్యి పాఠం ప్రకారం పోదు, అలవాటు ప్రకారం పోతుంది. అలవాటేమో నిన్నటి ఇంజనుది. అన్ని రకాలనూ ఒకేలా చెయ్యమని నేను అడగడం లేదు, సాంకేతికంగా అది కుదరదు. కనీసం నాలుగు వస్తువులు, అంటే ఎమర్జెన్సీ బ్రేకు, హారను, ఫ్లాషరు లైటు, విజిలెన్స్ బటను, ఏ ఇంజను ఎక్కినా శరీరానికి ఒకే దిక్కున, ఒకే దూరంలో, ఒకే ఆకారంలో ఉండేలా చూడండి.

కొత్తవలస నుంచి కిరండూల్ పోయే లైను గురించి కూడా రాయాలి. మా జిల్లాలో మొదలై అనంతగిరి కొండలెక్కి అరకు మీదుగా బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. 58 సొరంగాలు, 60 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు, దాదాపు 1,000 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. నిండు ఖనిజంతో కిందికి దిగే బండిని అదుపులో పెట్టడం ఒక్క బ్రేకు వేసి ఊరుకునే పని కాదు. ఇంజను విద్యుత్ బ్రేకు, బండి గాలి బ్రేకు రెండూ కలిపి, గాలి పీడనం చూసుకుంటూ, వేగం ముల్లు మీద కన్నేసి, కిలోమీటర్ల కొద్దీ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి దిగాలి. ఎండలోంచి సొరంగంలోకి, సొరంగంలోంచి ఎండలోకి కళ్లు మారుతూనే ఉంటాయి. తెర వెలుగు దానంతట అది తగ్గి పెరగకపోతే సొరంగంలో అది కళ్లలో పొడుస్తుంది, బయట గుడ్డిదైపోతుంది. ఆ వెలుగు తగ్గించే బటను మెనూలో మూడో పేజీలో ఉంటే ఎవరికి లాభం? ఘాటు దిగి వచ్చిన పైలట్ ఒకాయన బల్ల విప్పుతున్న నా దగ్గరికొచ్చి, "గురూ, ఇక్కడ మోచేతికి ఒక్క మెత్త పెట్టించు, ఇంకేం వద్దు" అన్నాడు. ఆయన భుజం పట్టుకునే మాట్లాడాడు. అలా మెత్త పెట్టే అధికారం షెడ్డులో ఎవరికీ ఉండదు. డ్రాయింగులో ఉంటేనే పెట్టాలి. డ్రాయింగు మీ దగ్గర ఉంది.

కొలతల మాటకొస్తే, క్యాబ్ అమరికకు అంతర్జాతీయ రైల్వే సమాఖ్య వారి యూఐసీ 651 ఉంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 16186లో మొదటి భాగమే మనిషి శరీర కొలతల గురించి, సీటులోంచి బయటికి కనిపించే చూపు గురించి. అక్కడ పొట్టి ఆడమనిషి దగ్గరనుంచి పొడుగు మగమనిషి దాకా అందరికీ చెయ్యీ కాలూ చూపూ అందాలన్నదే మొదటి ప్రశ్న. మన దేశస్థుల కొలతలు లేవనడానికి వీల్లేదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే భారతీయుల శరీర కొలతలను పుస్తకంగా అచ్చువేసింది. సురేఖా యాదవ్ 1980ల చివర్లో మొదటి మహిళా డ్రైవరుగా ఇంజను ఎక్కిన తర్వాత ఎందరో ఆడపిల్లలు ఈ ఉద్యోగంలోకి వచ్చారు. మా ప్రాంతంలోనూ ఉన్నారు. సీటు ముందుకు జరిపితే పెడలు అందుతుంది కానీ అద్దం కింది అంచు అడ్డొస్తుంది, సీటు ఎత్తితే చూపు అందుతుంది కానీ కాలు వేలాడుతుంది. ఈ ఇబ్బందిని ఆ అమ్మాయిలు తమ శరీరం లోపంగా చెప్పుకోవడం విని నాకు చాలా బాధ కలిగింది. వాళ్లలో ఏ లోపమూ లేదు. మూత్రవిసర్జన సదుపాయం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, దాన్ని మళ్లీ చెప్పను. అన్ని ఇంజన్లలోనూ త్వరగా పూర్తి చెయ్యండి.

మీరు వినరని నేను అనడం లేదు. విన్న సందర్భాలున్నాయి. పొడవాటి ముక్కు ముందు పెట్టుకుని నడవాల్సిన డీజిలు ఇంజన్లలో ఎదర ఏమీ సరిగ్గా కనిపించదని రన్నింగ్ స్టాఫ్ ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. చివరికి డబ్ల్యూడీపీ-4 రకానికి రెండో క్యాబ్ చేర్చి డబ్ల్యూడీపీ-4డీ చేశారు, సరుకు ఇంజనుకూ అలాగే చేశారు. ఇంజను చట్రమంతా మార్చాల్సినంత పెద్ద పని అది. అయినా చేశారు. ఏసీ క్యాబ్‌లు ఇస్తున్నారు. అంత పని చెయ్యగలిగినవారికి బల్ల మీద ఒక బటనును జానెడు జరపడం ఎంతసేపు?

చిక్కంతా ఎక్కడుందంటే, బల్ల మొత్తం ఎవరిదో ఎవరికీ తెలియదు. నేను విప్పిన పాత బల్లల మీద అదనంగా కొట్టిన రంధ్రాలే ఇందుకు సాక్ష్యం. వేగం రికార్డు చేసే మీటరు ఒక విభాగం తెచ్చింది. విజిలెన్స్ ఇంకో విభాగం. వాకీటాకీ ఇంకొకరు. క్యాబ్‌లో మాటలు, వీడియో రికార్డు చేసే కెమెరాలు ఇంకొకరు. ఇప్పుడు బండ్లు ఢీకొనకుండా తనే బ్రేకు వేసే కవచ్ వస్తోంది. 2020లో జాతీయ రక్షణ వ్యవస్థగా తీసుకుని, 2024 జూలైలో 4.0 రూపానికి ఆమోదం ఇచ్చారు. కవచ్ రావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి, మా లైను మీద త్వరగా పూర్తి కావాలి. కానీ దాని తెర పాత ఇంజన్లలో మిగిలిన చోటు చూసి బిగించాల్సిందే. ప్రతి పరికరానికీ దాని సొంత దీపం, దాని సొంత కూత. నాలుగైదు బజర్లు దాదాపు ఒకే గొంతుతో మోగితే, ఏది "చూడు" అంటోందో ఏది "ఆపు" అంటోందో తేల్చుకోవడానికే ఒక క్షణం పోతుంది. ఏ విభాగాన్నీ తప్పుపట్టలేం, వాళ్ల వస్తువు వాళ్లు సరిగ్గానే చేశారు. వాటన్నిటినీ ఒక్క మనిషి రెండు చేతులు, రెండు కళ్లు, రెండు చెవుల దగ్గర కలిపి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లను చూశాను. కర్ర మీద కొలత గీతలున్నా, మెట్లను వాటి ప్రకారం బిగించి వదిలెయ్యరు. మైనం మీద నిలబెట్టి, మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి, అప్పుడు ఖాయం చేస్తారు. మీరూ అదే చెయ్యండి. చెక్కతో, ప్లైవుడ్‌తో అసలు కొలతల్లో ఒక క్యాబ్ నమూనా చేయించండి. హ్యాండిళ్లు, పెట్టెలు అటూ ఇటూ జరిపేలా ఉంటే చాలు, కరెంటు అక్కర్లేదు. దాన్ని లక్నోలో ఉంచి అక్కడికి వచ్చినవాళ్లకే చూపించకండి. లారీ మీదో వ్యాగను మీదో విజయనగరం, పలాస, రాయగడ లాంటి చోట్లకు, రన్నింగ్ స్టాఫ్ సైన్ ఆన్ చేసే చోటికి తీసుకురండి. ఘాటు మీద నడిపేవాళ్లు, మెయిల్ బండ్లు నడిపేవాళ్లు, ఇంకా గూడ్సులోనే ఉన్న కుర్రాళ్లు, ఆడపిల్లలు, ఎడమచేతి వాటం వాళ్లు, రిటైర్మెంటుకి దగ్గరపడి కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు, అందరూ కూర్చోవాలి. కళ్లకు గంతలు కట్టి "హారను కొట్టు, ఎమర్జెన్సీ వెయ్యి, ఫ్లాషరు వెయ్యి" అని చెప్పండి. ఎవరి చెయ్యి ఎక్కడికి పోయిందో రాసుకోండి. చెయ్యి పోయిన చోట ఆ బటను లేకపోతే, జరగాల్సింది బటనే.

అది డ్యూటీలో భాగంగా జరగాలి, రెస్టులో ఉన్నవాళ్లను పిలిచి కాదు. చెప్పినందుకు ఎవరి మీదా పేరు పెట్టకూడదు. ఫలానా స్విచ్చు నాకు దొరకలేదని ఒక పైలట్ ఒప్పుకుంటే అది అతని సర్వీసు రికార్డులోకి ఎక్కుతుందన్న భయం ఉన్నంతకాలం నిజం బయటికి రాదు.

2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనకనుంచి గుద్దింది. 14 మంది పోయారు. వెనక బండి నడిపిన పైలట్, అసిస్టెంట్ కూడా వాళ్లలో ఉన్నారు. మా ఊళ్లకు ఆ బండ్లు కూలీకి, కాలేజీకి, ఆఫీసుకి పోయే బండ్లు, అందులో మా వాళ్లే ఉంటారు. ఆ ప్రమాదానికి క్యాబ్ అమరిక కారణమని నేను అనడం లేదు. నేను కోరేదల్లా, ఏ ప్రమాద విచారణలోనైనా డ్రైవరు ఏం చేశాడన్న ప్రశ్నతో పాటు ఇంకో ప్రశ్న ఉండాలని. ఆ సీటులోంచి, ఆ వేళప్పుడు, ఆ వాతావరణంలో, అతనికి ఏం కనిపించింది, ఏం వినిపించింది, చేతికి ఏం అందింది? అదే రకం ఇంజనులో, అదే ఎత్తు మనిషిని, అదే చీకట్లో కూర్చోబెట్టి కొలిచి, ఆ కొలతలు నివేదికలో పెట్టాలి. అది తెలిసినవారు ఒకరు ప్రతి విచారణ బృందంలో ఉండాలి.

ఖర్చు గురించి మీరు అడుగుతారు. ఎలక్ట్రిక్ ఇంజను ఆయుష్షు 35 ఏళ్లుగా లెక్కవేస్తారు. ఇప్పుడు కర్మాగారం గేటు దాటే ఇంజను 2060 దాకా మన పట్టాల మీద తిరుగుతుంది. ఇంకా పుట్టని పిల్లలు దాన్ని నడుపుతారు. గీతలోనే సరిదిద్దితే అయ్యే ఖర్చు ఒక పెన్సిలు గీత, కొన్ని చెక్కపలకలు. ఇంజను వందల్లో బయటికొచ్చాక సరిదిద్దాలంటే ప్రతి బల్లకూ రంధ్రాలు కొట్టాలి, కేబుళ్లు పొడిగించాలి, అలా పొడిగించిన ప్రతి కేబులూ రేపు ఒక కొత్త ఫెయిల్యూరు. షెడ్డులో ఉన్నవాణ్ణి, ఇది నాకు బాగా తెలుసు. "వాళ్లకు అలవాటైపోయిందిలే" అని ఇంకొందరు అంటారు. అలవాటైన మాట నిజమే, భుజాలు నొప్పులతో అలవాటైంది, మెడలు పట్టేసి అలవాటైంది. ఆ అలవాటుకి వాళ్లు రిటైరయ్యాక కూడా మందులు కొనుక్కుంటున్నారు.

దక్షిణ కోస్తా రైల్వే వారికి ప్రత్యేకంగా ఒక మనవి. మీ జోను కొత్తది. విభజనతో ఒడిశా సరిహద్దు దగ్గరి కూనేరు ఇవతల ఒక డివిజను, అవతల ఇంకో డివిజను అయింది, ఘాటు లైను రాయగడకు పోయింది. కానీ ఇంజన్లు, మనుషులు రెండు వైపులా తిరుగుతూనే ఉంటారు. దేశమంతా మొదలుపెట్టే దాకా ఆగకుండా, మీ పరిధిలో ఈ చెక్క నమూనా పద్ధతి, బల్లల ఫొటోల పద్ధతి ప్రయోగంగా మొదలుపెట్టండి. ఆరు నెలల్లో వచ్చిన ఫొటోలు, కొలతలు కట్టకట్టి లక్నోకి పంపండి. పని నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు. జీతం అడగం.

ఈ ఉత్తరం చదివాక రెండు పనులు చేస్తే చాలు. ఆర్‌డీఎస్‌వోలో క్యాబ్ బల్ల మొత్తానికి బాధ్యులు ఎవరో ఆ హోదా, చిరునామా అన్ని లాబీల నోటీసు బోర్డుల మీద పెట్టించండి, పైలట్లు నేరుగా రాసుకోవడానికి. తర్వాత రాబోయే కొత్త ఇంజను నమూనా ఏ తేదీన ఏ లాబీకి వస్తుందో ఆ కాగితం కిందే రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రిక్ లోకో టెక్నీషియన్,
కంటోన్మెంట్, విజయనగరం